తాత బిళ్ళ మీద అక్షరాలు

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ మామా,

ఎట్లా ఉన్నావు? బెంగళూరులో చలి మొదలైందా? మొన్న ఫోనులో సగం చెప్పి పెట్టేశాను. అది ఫోనులో తెమిలే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

మా తాత మిలట్రీ బిళ్ళ గుర్తుందా నీకు? పలమనేరు ఇంట్లో దేవుడి గూట్లో, వెంకన్న పటం పక్కన ఉండేది. ఆరు మొనల నక్షత్రం. పంద్రాగస్టు నాడు నాయన దాన్ని నా చొక్కాకు పెట్టి బడికి పంపేవాడు. ఒక ఏడు నువ్వు బతిమాలి పెట్టుకుని సాయంత్రం దాకా తిరిగి ఇవ్వలేదు. జపానోళ్లతో పోరాడినందుకు ఇచ్చిన వీరచక్రం అని నాయన చెబితే, మనం ఊరంతా చెప్పాం. పోయిన నెల ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నాయన దాన్ని నా చేతిలో పెట్టి, "ఇంక నీ దగ్గరే ఉండనీరా" అన్నాడు.

ఇంటికి తెచ్చి చూస్తే, అది వీరచక్రం కాదని ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. వీరచక్రం గుండ్రంగా ఉంటుంది, వెండిది. దాన్ని 1950 జనవరి 26న ప్రకటించి, 1947 ఆగస్టు 15 నుంచి జరిగిన పోరాటాలకు వర్తింపజేశారు. తాత 1946 లోనే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. మరి నాయనకు ఆ మాట ఎక్కడ పట్టుకుందా అని చూస్తే, రిబ్బను దగ్గర దొరికింది. వీరచక్రం రిబ్బను సగం ముదురు నీలం, సగం నారింజ. మన బిళ్ళకు మిగిలిన పీలికలోనూ నీలం, నారింజ పోగులే కనిపిస్తాయి. మధ్యలో ఉన్న ఎరుపు పూర్తిగా వెలిసిపోయింది. ఆ మూడు రంగులూ కలిస్తే అది బర్మా స్టార్, రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోరాడినోళ్లకు ఇచ్చిన పతకం. ముందువైపు కిరీటం కింద రాజు పేరు అక్షరాలు, చుట్టూ బర్మా స్టార్ అని ఇంగ్లీషులో ఉన్నాయి. ఇన్నేళ్లూ మన కళ్ళ ముందే ఉన్నాయి మామా, ఎవరమూ కూడబలుక్కుని చదవలేదు.

వెనకవైపు సంగతి వేరు. అవ్వ, ఆమె తర్వాత అమ్మ, ప్రతి పండక్కీ దీపపు కుందులతో పాటు దాన్ని కూడా చింతపండు వేసి తోమేశారు. అద్దంలా అరిగిపోయింది. రాత్రి లైట్లన్నీ ఆర్పి, సెల్లు టార్చి పక్కవాటుగా పట్టి, మొహానికి రాసుకునే పౌడరు వేలితో అద్దాను. గుంటల్లో తెల్లగా నిలబడి ఒక్కొక్క అక్షరమే పైకి వచ్చింది. మొదట నంబరు, తర్వాత ఎస్.పి.ఆర్., ఆ పక్కన తాత పేరు, చివర మద్రాస్ ఎస్. అండ్ ఎం. పేరు చివర 'య్య' మాత్రం లేదు. రాసుకున్న గుమాస్తా ఎవరో ఎగరగొట్టేసినట్టున్నాడు. అయినా నాకు చేతులు వణికాయి. ఆ యుద్ధంలో బ్రిటన్ సైనికులకు ఇచ్చిన స్టార్ల మీద పేర్లు కొట్టలేదట, మన ఇండియా సైనికుల వాటి మీద కొట్టారు. అది మన అదృష్టం.

ఎస్.పి.ఆర్. అంటే సాపర్. తాత మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌లో ఉన్నాడన్నమాట. అడవిలో దారులు కొట్టడం, వంతెనలు వేయడం, మైన్లు తీయడం వాళ్ల పని. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన (ముందే చేసిపెట్టిన ఇనుప ముక్కలు బిగించి వేసేది) వేసింది కూడా ఇట్లాంటి ఇంజనీరు దళాలే. స్వర్ణముఖి మీద వంతెన కడుతున్నప్పుడు తాత తిండి మానేసి గట్టున నిలబడి చూసేవాడని నాయన చెప్పేవాడు. పెద్దాయనకు పొద్దుపోవడానికి అనుకున్నాం.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఇంకొకటి. అవ్వ చెప్పే కథ గుర్తుందా, తాత యుద్ధం నుంచి ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు వచ్చాడని? పచ్చకామెర్లని భయపడి, నాటువైద్యుడి దగ్గర నెల్లాళ్లు పసరు తాగించింది. ఉప్పు లేకుండా చప్పిడి కూడు పెట్టింది. ఆయనేమో "నాకేం జబ్బు లేదు, మాత్రలే" అంటే ఎవరూ వినలేదట. నిజంగా మాత్రలే మామా! 1942లో జావా జపాను చేతికి పోయాక, అక్కడి నుంచి వచ్చే మలేరియా మందు క్వినైన్‌కు కరువొచ్చింది. బర్మా వైపున్న సైన్యానికి మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు రోజూ మింగించారు. వాటితో చర్మం పచ్చబడుతుంది. అవ్వ పోయి పన్నెండేళ్లయింది. ఈ ఒక్క మాట ఆమెకు చెప్పగలిగి ఉంటే బాగుండేదని ఆ రాత్రి చాలాసేపు కూర్చుండిపోయాను.

నాయనకు చెప్పడానికి వారం పట్టింది. వీరచక్రం కాదనేసరికి మొహం చిన్నబోయింది. బర్మా యుద్ధానికి పోయినోళ్లకు ఇచ్చినది, 1941 డిసెంబరు నుంచి 1945 సెప్టెంబరు దాకా లెక్క అని చెప్పాను. మాట్లాడలేదు. పౌడరు అద్ది, టార్చి వేసి వెనకవైపు చూపించాను. కళ్ళజోడు తీసి, దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక్కొక్క అక్షరం తడిమి, "మా నాయన పేరేరా ఇది" అన్నాడు. మళ్లీ "ఇంక దీన్ని తోమొద్దని మీ అమ్మకు చెప్పు" అన్నాడు.

బర్మా స్టార్ ఉంటే వార్ మెడల్ కూడా వచ్చి ఉండాలి. రెండు తలల డ్రాగన్ మీద సింహం నిలబడిన గుండ్రటి బిళ్ళ. మనం వంటింట్లో బొంగరంలా తిప్పేవాళ్లమే, అదే! నగరి అత్తకు ఫోను చేస్తే, బీరువా తాళాల గుత్తికి వేసుకుని ఉందట. వచ్చే వారం పోయి తెస్తాను.

నువ్వొక పని చేసిపెట్టాలి. మద్రాస్ సాపర్స్ వాళ్ల కేంద్రం మీ బెంగళూరులోనే, అలసూరు చెరువు దగ్గర ఉంది. తాత సైన్యంలో ఏ కంపెనీ దళంలో పనిచేశాడో వాళ్ల రికార్డుల్లో దొరుకుతుందేమో ఒకసారి పోయి కనుక్కో. నంబరు వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను, బిళ్ళ ఫోటో కూడా ఉంది. పేరు మాత్రం 'య్య' లేకుండా చెప్పు, లేకపోతే దొరకదు.

నీ
మామ