కౌలు మారితే చెరువు లెక్క ఎవరి ఖాతాలో ఉంటుంది?

సంపాదకులకు నమస్కారం.

రొయ్యల రైతుల కోసం యాప్‌లు వస్తున్నాయని మీ సాగు పేజీలో తరచూ చూస్తున్నాం, సంతోషం. కానీ వాటి లోపల డేటా ఎలా అమర్చారో ఎవరూ అడగట్లేదు, తలనొప్పంతా అక్కడే ఉంది. భీమవరం, ఆకివీడు వైపు ఇలాంటి యాప్‌లు తయారుచేసే కుర్రాళ్లతో పనిచేస్తుంటాను కాబట్టి చెప్తున్నా.

వీళ్లలో చాలామంది ఫైర్‌స్టోర్ లాంటి క్లౌడ్ డేటాబేస్ పట్టుకుంటున్నారు. అందులో వరుసలూ గడులూ ఉండే టేబుళ్లు ఉండవు, డాక్యుమెంట్లు ఉంటాయి, అంటే ఒక్కో విషయానికి ఒక్కో చీటీ లాంటివి. నేనైతే తప్పు పట్టను. చెరువు గట్టు మీద సిగ్నల్ సరిగా ఉండదు, చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) చూసి మేత లెక్క కొడితే అది ఫోన్‌లోనే దాచుకుని సిగ్నల్ రాగానే పైకి పంపుతుంది. ఈ ఒక్క సుఖం కోసమైనా వాడొచ్చు. (ఇక్కడో మెలిక ఉంది లెండి. సిగ్నల్ లేకపోతే ట్రాన్సాక్షన్, అంటే ఉన్న లెక్క చదివి దాన్నిబట్టి మార్చి రాసే పని, జరగదు, మామూలు రాతలూ బ్యాచ్ రాతలూ (కొన్ని కలిపి ఒకేసారి రాసేవి) మాత్రం ఆగి తర్వాత వెళ్తాయి. అది తెలియకుండా గట్టు మీద వాడే స్క్రీన్ రాస్తే అంతే సంగతులు.)

గొడవల్లా ఏంటంటే, టేబుళ్లు లేవు కదా అని ఏ వివరం దేనికి ముడిపడి ఉందో ఆ సంబంధాల గురించి ఆలోచించడమే మానేస్తున్నారు. రైతు పేరున ఒక డాక్యుమెంట్, దాని కింద చెరువులు, వాటి కింద పంటలు. మేత షాపులో మనిషికో పేజీ ఉండే ఖాతా పుస్తకంలాగా చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మన దగ్గర చెరువు ఎవరిదంటే ఒక్క పేరు చెప్పగలమా? భూమి ఒకరిది, కౌలు ఇంకొకరిది, మేత అరువిచ్చిన షాపు వేరు, పట్టుబడి రోజు (రొయ్యలు పట్టి అమ్మే రోజు) లారీతో వచ్చేవాళ్లు మళ్లీ వేరు. వనామి రొయ్య పంట మూడు నాలుగు నెలల్లో అయిపోతుంది, ఆ తర్వాత కౌలు మారితే ఈ అమరిక మొత్తం అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే ఫైర్‌స్టోర్‌లో డాక్యుమెంట్‌ని ఉన్నచోటు నుంచి జరపడం కుదరదు, కొత్తచోట కాపీ చేసి పాతది తీసెయ్యాలి. పోనీ పాత రైతు డాక్యుమెంట్ డిలీట్ చేద్దామా అంటే దాని కిందున్న చెరువులు వాటంతటవి పోవు, పైన ఎవరూ లేకుండా అలాగే పడి ఉంటాయి.

నా మటుకు దీనికి దారి ఒకటే. పంటనే విడి డాక్యుమెంట్ చెయ్యాలి. అందులో చెరువు ఐడీ, కౌలుదారు ఐడీ, భూమి యజమాని ఐడీ, మేత షాపు ఐడీ, సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన తేదీ ఉంటే చాలు. కౌలు మారితే కొత్త పంట, కొత్త డాక్యుమెంట్, పాతది కదలదు. మేత షాపు ఆయన తన దగ్గర అరువున్న పంటలేవో చూడాలంటే ఒక్క క్వెరీతో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నతో) వస్తాయి, పంటలో షాపు ఐడీ లేకపోతే ఒక్కో రైతునీ ఒక్కో చెరువునీ తెరుచుకుంటూ పోవాలి, జాయిన్‌లు (రెండు చోట్ల వివరాల్ని కలిపి తెచ్చే వీలు) లేని చోట చదివిన ప్రతి డాక్యుమెంటుకీ లెక్క కడతారు మరి.

రోజువారీ మేత, పీహెచ్ లాంటివి పంట డాక్యుమెంట్‌లోనే కుక్కొద్దు. ఫైర్‌స్టోర్‌లో ఒక డాక్యుమెంట్‌కి ఒక ఎంబీ హద్దు, ఇలాంటిదే అయిన అమెజాన్ డైనమోడీబీలో అయితే 400 కేబీయే, పైగా పేరు చూడ్డానికి తెరిచినా మొత్తం దిగుతుంది. వాటిని పంట కింద సబ్‌కలెక్షన్‌గా, అంటే విడివిడి డాక్యుమెంట్ల కట్టగా, పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక కాపీల సంగతి. ఇలాంటి డేటాబేస్‌లో ఒకే వివరం రెండు మూడు చోట్ల రాయడం మామూలే, ఏది రాయాలన్నదే తెలియాలి. పట్టుబడి బిల్లులో ఆ రోజు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), ఆ రోజు రేటు, కిలోలు, రైతు పేరు అన్నీ బిల్లులోనే రాసెయ్యాలి. రేపు 50 కౌంట్ రేటు మారిందని పాత బిల్లు మారకూడదు కదా. ఫోన్ నంబరు మాత్రం ఒక్కచోటే ఉండాలి, బిల్లు బిల్లుకీ కాపీ చేస్తే నంబరు మారిన రోజు అన్నీ వెతికి దిద్దుకోవాల్సిందే. గట్టు మీద వాడకం లేని, ఆఫీసులో కూర్చుని లెక్కలు తీసే పనికైతే టేబుళ్లుండే మామూలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెట్టుకోమంటాను, ఫ్యాషన్ కాదని వదిలేస్తున్నారు గానీ.

మీ విలేకరులు ఈసారి కొత్త యాప్ గురించి రాసేటప్పుడు తయారుచేసినవాళ్లని ఒక్కటి అడగమనండి: కౌలు మారాక పోయినసారి పంట లెక్క పాత కౌలుదారుకి కనిపిస్తుందా, కొత్తాయనకి కనిపిస్తుందా, ఇద్దరికీనా?

ఇట్లు,
ఒక పాఠకుడు, పాలకొల్లు