మోకాలి మార్పిడికి ముందు పాదాలు చూడండి

సంపాదకుడు గారికి,

మోకాలి కీలు మార్పిడి ప్రకటనలు రావులపాలెం నుంచి రాజోలు దాకా కనిపిస్తున్నాయి. వాటిలో ప్యాకేజీ ధర ఉంటుంది, చర్మం గురించి ఒక్క ముక్క ఉండదు. డెల్టాలో ముందు చూడాల్సింది అదే. ఊడ్పుల బురదలో నాని ఒరుసుకుపోయిన వేళ్ల సందులు, మడమ పగుళ్లు, బోదకాలు వాపు... వీటి గుండా క్రిములు సులువుగా లోపలికి పోతాయి. అమర్చిన కీలు లోహం మీద చేరితే జిగురు పొర కట్టుకుంటాయి, మందు అందులోకి సరిగా దిగదు. అప్పుడు చాలామందికి కీలు తీసేసి, యాంటీబయోటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, కొన్ని వారాలు ఆగి కొత్తది అమర్చాల్సి వస్తుంది. పుండ్లు మానాక, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 8 శాతం లోపుకు దిగాకే ఆపరేషన్ తేదీ తీసుకోవడం మేలు. పుచ్చిన పన్నుంటే అదీ ముందే చూపించుకోవాలి.

కీలులో అరిగేది లోహాల మధ్యనున్న పాలిథిలీన్ పలక. తుంటి కీలులో టెఫ్లాన్ అరిగిపోయాక 1962లో ఇంగ్లండ్ సర్జన్ జాన్ చార్న్‌లీ ఈ ప్లాస్టిక్‌కు మారారు. నేటికీ వాడేది ఆ వంశానిదే.

మోకాలి కీళ్ల ధరలకు కేంద్రం 2017లో పరిమితి పెట్టింది. బిల్లులో కీలు ధర విడిగా రాయమనండి. డబ్బా మీది స్టిక్కర్లు డిశ్చార్జి కాగితానికి అంటించమనండి. ఏళ్ల తర్వాత మళ్లీ విప్పాల్సి వస్తే ఏ కంపెనీ, ఏ సైజు అన్నది వాటిని చూసే తెలుసుకోవాలి.

ఇంటికొచ్చాక మోకాలి కింద తలగడ వద్దు. హాయిగానే ఉంటుంది, కాలు మాత్రం వంగినట్టే బిగుసుకుపోతుంది. మడమ కింద పెట్టుకోండి.

— ఒక ఎముకల వైద్యుడు, అమలాపురం