విషయం: మీరు లాయర్లా, కాదా?

కర్నూలు,
18 సెప్టెంబరు 2024

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నిన్న లాయర్లతో సలహా ఇప్పించే మీ కంపెనీ వాళ్లు అయిదోసారి "మీ సమస్య మాకు అర్థమైంది సార్" అన్నారు. ఆ మాటన్న అమ్మాయే ఆ వెంటనే "విడాకుల కేసే కదా?" అని అడిగింది. ముప్పై ఏళ్లుగా నాతో వేగుతున్న మా ఆవిడ పక్కనే కూర్చుని వింటోంది.

ఇంకొక్కసారి చెబుతాను. 2021లో మా ఆవిడ ఇక్కడ ఓ ప్రైవేటు స్కూల్లో ఆయా. కోవిడ్ టీకా వేసుకోకుంటే రావద్దన్నారు. అంతకుముందు వేరే ఇంజెక్షన్‌కే మొహం వాచి, ఊపిరాడక ఆస్పత్రిలో పడిన మనిషి. డాక్టరు ఆగమని చీటీ రాసిచ్చాడు. నేను టీకాకు వ్యతిరేకిని కాను, రెండు డోసులూ వేసుకున్నా. పనిచేసిన అక్టోబరు, నవంబరు జీతాలు కూడా ఎగ్గొట్టి పంపేశారు. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది. ప్రజారోగ్యం కోసం సమంజసమైన ఆంక్షలు పెట్టొచ్చనీ అదే తీర్పులో ఉంది. ఈ రెంటి మధ్య మా కేసు ఎటు పడుతుందో చెబుతారనే ఏప్రిల్‌లో మీకు 4,999 రూపాయలు కట్టాను.

మొదటి లాయరు ఏడు నిమిషాలు మాట్లాడాడు, వెనక బస్సు హారన్లు. "వేయించుకుంటే పోయేది కదమ్మా" అన్నాడు. సలహా అడిగితే తీర్పు చెప్పాడు! తర్వాత ఫోన్ ఎత్తలేదు. రెండో ఆయన కాగితాలన్నీ మళ్లీ పెట్టమన్నాడు. మూడో ఆవిడ వచ్చేసరికి ఆయన మానేశాడట, ఫైలు కనపడట్లేదట. ఫొటోలకని విప్పీ విప్పీ డాక్టరు చీటీ మడతల దగ్గర చిరిగింది. జూలైలో ఆ చీటీని మీ వాళ్లు ఏడుగురున్న వాట్సాప్ గ్రూపులో పడేశారు. అందులో లాయరెవరో, సేల్స్ వాళ్లెవరో తెలీదు. ఒకాయన మాత్రం బొటనవేలు బొమ్మ పెట్టాడు. మా ఆవిడకు ఊపిరాడకపోవడం ఆయనకు నచ్చినట్టుంది.

వినియోగదారుల కమిషన్‌కు పోతానంటే మీ సీనియర్ హుషారుగా, "లాయర్లు వినియోగదారుల చట్టం కిందికి రారని మే 14న సుప్రీంకోర్టు చెప్పింది సార్" అన్నాడు. నిజమే. అయితే మీరు లాయర్లేనా? తీసుకున్న కేసును సరైన కారణం, ముందస్తు నోటీసు లేకుండా వదలకూడదని, వదిలితే చేయని పనికి ఫీజు తిరిగివ్వాలని లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఉంది. క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదనీ ఉంది. ఇదంటే, "మేం ప్లాట్‌ఫామ్ మాత్రమే" అన్నాడు. మరి లాయర్ల తీర్పు వెనక దాక్కోవడమెందుకు?

మా అద్దె అగ్రిమెంటు, బావమరిది పొలం కాగితాలు మీ దగ్గరే చేయించాం. మా వీధిలో నలుగురికి మీ పేరు చెప్పింది నేనే. ఇప్పుడు వాళ్ల మొహం చూడలేకపోతున్నా.

అక్టోబరు జీతం మీద దావాకు మూడేళ్ల గడువు వచ్చే నెలాఖరుతో అయిపోతుంది. కోర్టు ముందు చెట్టు కింద టైపు కొట్టే ఆయన చెప్పాడు. మీ ముగ్గురూ చెప్పలేదు. ఈ నెలలోపు స్కూలుకు నోటీసన్నా పంపండి, డబ్బన్నా వెనక్కివ్వండి. లేదంటే లాయర్ల మీద బార్ కౌన్సిల్‌కు, మీ మీద కమిషన్‌కు, రెండు చోట్లా రాస్తాను. ఆ గ్రూపులోంచి చీటీ ఇవాళే తీసేయండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క.: "మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని ఇంకో మెసేజ్ పంపొద్దు.