అమ్ములూ, ప్లేటు కాలేదాకా ఆగు

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
బుధవారం రాత్రి

అమ్ములూ,

ఆదివారం మీ ఫ్రెండ్స్ వస్తున్నారు, పిజ్జా కొలతలు వాట్సాప్‌లో పెట్టు నాన్నా అన్నావు. వాట్సాప్‌లో పెడితే అంకెలు మాత్రం చూసుకుని మిగతాది వదిలేస్తావని నాకు తెలుసు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కొలతలు మధ్యలో ఎక్కడో వస్తాయి, వెతుక్కో.

ముందు ఒక సంగతి ఒప్పుకుంటాను. పోయిన సంక్రాంతికి నీకు నేను చేసిపెట్టింది పిజ్జా కాదు. పైన చీజు మాడింది, కింద పిండి తడితడిగా ఉండిపోయింది, నువ్వు పాపం "బాగుంది నాన్నా" అంటూ అంచులు తిని లేచిపోయావు. స్టీల్‌ప్లాంట్ రోలింగ్ మిల్లులో అన్నేళ్ళు పనిచేసినవాడు చెయ్యాల్సిన తప్పు కాదది. మిల్లులో బిల్లెట్‌ని, అంటే పొడుగాటి ఉక్కు దిమ్మని, రోలింగుకి పంపేముందు ఫర్నేస్‌లో వెయ్యి డిగ్రీలు దాటించి కాలుస్తాం కదా, పైన ఎర్రగా కనబడింది కదా అని బయటికి లాగేస్తే లోపల ఇంకా సరిగ్గా కాలి ఉండదు, రోల్స్ మధ్యకి వెళ్ళగానే మొరాయిస్తుంది. అందుకని వేడి లోపలిదాకా దిగేవరకు కదపకుండా ఉంచుతాం, దాన్ని సోకింగ్ అంటాం. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఇదే పాఠం ఎన్నిసార్లు చెప్పానో! అలాంటిది ఇంట్లో ఓటీజీ (మన కరెంటు ఓవెన్) లైటు ఆరగానే తలుపు తీసి పిజ్జా పెట్టేశాను. ఆ లైటు ఆరిందంటే లోపల గాలి వేడెక్కిందని, ఇనుము వేడెక్కిందని కాదు. గాలి పది నిమిషాల్లో కాగుతుంది, పిజ్జా కింద ఉండే దళసరి ఇనుప ప్లేటుకి ముప్పావుగంట కావాలి. మిగతావి కాస్త అటూఇటూ అయినా తినొచ్చు, ఇది తప్పితే మాత్రం మళ్ళీ సంక్రాంతి పిజ్జాయే.

ఇన్నాళ్ళూ ఇటలీ పిజ్జా అంటే ఒకటే రకం అనుకున్నాను. కాదట. నేపుల్స్‌వాళ్ళది వేరు, రోమ్‌వాళ్ళది వేరు. నేపుల్స్‌లో కట్టెల పొయ్యి సుమారు 430 నుంచి 480 డిగ్రీల మధ్య మండుతూ ఉంటుంది, పిజ్జా ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నరలో బయటికొచ్చేస్తుంది, అంచు ఉబ్బి మధ్యలో మెత్తగా ఉంటుంది. అక్కడ 1984లో దీనికోసం ఒక సంఘం కూడా పెట్టుకున్నారు, పిండిని చేత్తోనే సాగదీయాలి, కర్ర తగలకూడదని వాళ్ళ నియమం. ఆ చేతిపనిని 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. సరే, గొప్పే. మన ఓటీజీ ఎంత తిప్పినా 250 దాటదు కదా, ఆ వేడి మీద నేపుల్స్ పిజ్జా చెయ్యబోతే అది ఉడికేసరికి ఎండిపోయి బన్ను అవుతుంది. రోమ్‌వాళ్ళది మనకి సరిపోయే రకం. పిండిలో కాస్త నూనె పోస్తారు, కర్రతో పల్చగా ఒత్తుతారు, తక్కువ వేడి మీద ఎక్కువసేపు కాలుస్తారు, కొరికితే కరకరమంటుంది. ఆ కరకరకి వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, స్క్రొక్యరెల్లా. మీ అమ్మకి ఈ మాట చెబితే "మనం జంతిక అంటాం" అంది.

ఇక పిండి. మూడు పిజ్జాలకి మైదా 300 గ్రాములు, నీళ్ళు 170 మిల్లీలీటర్లు, ఉప్పు 6 గ్రాములు, ఆలివ్ నూనె రెండు చెంచాలు, ఇన్‌స్టంట్ ఈస్టు పావు చెంచా. పావు చెంచానే, ప్యాకెట్ మొత్తం పోసెయ్యకు. ఇటలీవాళ్ళ పిండి పేరు డబుల్ జీరో, ఆ సున్నాలు పిండిని ఎంత శుద్ధి చేశారో చెప్పేవి, జిగురు ఎంతుందో చెప్పేవి కావు. కాబట్టి సున్నాల కోసం తిరక్కుండా మామూలు మైదాలోనే ప్యాకెట్ వెనక ప్రోటీన్ పది దాటింది చూసి తెచ్చుకో. ఇక్కడ సముద్రపు గాలికి పిండి డబ్బాలోనే కాస్త తేమ పట్టేసి ఉంటుంది, మీ హైదరాబాద్‌లో అంత ఉండదు, కాబట్టి గట్టిగా అనిపిస్తే ఒక చెంచా నీళ్ళు కలుపుకో. పది నిమిషాలు పిసికి, మూడు ముద్దలు చేసి, నూనె రాసిన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక రోజంతా వదిలెయ్. బయట ఎందుకు పెట్టకూడదంటే, ఎండాకాలం దోసెపిండి పులిసి గిన్నె దాటి గట్టు మీదికి పారడం నువ్వు చూసిందే, ఇదీ అంతే. చల్లగా నెమ్మదిగా పులిస్తే రుచి వస్తుంది, ఒత్తేటప్పుడు మాట కూడా వింటుంది.

శనివారం పొద్దున్న కలుపు, ఆదివారం గంట ముందు బయటికి తియ్యి. రెండు మిల్లీమీటర్ల మందానికి ఒత్తాలి. ఒత్తుతుంటే వెనక్కి ముడుచుకుంటుంది, అప్పుడు దాంతో కుస్తీ పట్టకు, గుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేసి రా, తర్వాత నీ చెప్పుచేతల్లో ఉంటుంది. (ఇది నీకెవరిలాగా అనిపిస్తోందో నాకు తెలుసు, రాయను.)

ప్లేటు సంగతి. కొంటే బోలెడు డబ్బులు, నేను ఆటోనగర్ వెళ్ళి ఆరు మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ షీటు అడుగు ఇంటూ అడుగు కోయించుకొచ్చాను. ఓవెన్ లోపల కొలత ముందే చూసుకున్నాను, చుట్టూ గాలి తిరగడానికి ఖాళీ ఉండాలి. నాలుగు కిలోల పైచిలుకు వచ్చింది. షాపతను గేటుకా గ్రిల్లుకా అని అడిగాడు, పిజ్జాకి అన్నాను, నన్ను ఎగాదిగా చూసి గ్రైండర్‌తో అంచులు మాత్రం బాగా నునుపు చేసిచ్చాడు. కొత్త ప్లేటు మీద నల్లటి పొలుసు ఉంటుంది, మిల్ స్కేల్ అంటాం, దాన్ని ఒక రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి రుద్ది, కడిగి, వెంటనే ఆరబెట్టి, కొత్త దోసె పెనంలాగే నూనె రాసి కాల్చాను. వెంటనే అని ఎందుకంటున్నానంటే, కడిగి ఫోను మాట్లాడి వచ్చేలోపు తుప్పు పొడ కనబడింది, మన ఊరి ఉప్పుగాలి అలాంటిది. ప్లేటు లేకపోతే ఇనుప దోసె పెనాన్ని బోర్లించి వాడొచ్చు, ప్లాస్టిక్ పిడి ఉన్నది కాకుండా చూసుకో. నాన్‌స్టిక్ పెనం మాత్రం వద్దే వద్దు, ఖాళీగా అంత వేడి మీద పెడితే ఆ పూత పాడై పొగలొస్తాయి.

సాసు అంటూ ఏమీ లేదు. బాగా పండిన టమాటాలు వేడినీళ్ళలో ముంచి తొక్క తీసి, గింజలు పిండేసి, చేత్తో చిదిమి ఉప్పు వెయ్యి. ఉడికించకు. ఇక్కడ రైతుబజార్ టమాటాలు పులుపెక్కువ, నీళ్ళెక్కువ, అందుకని జల్లెడలో అరగంట వదిలేస్తాను. ఒక పిజ్జాకి మూడు చెంచాలు చాలు. చీజు 80 గ్రాములు. నీళ్ళలో వేసి అమ్మే మొజరెల్లా అయితే ముక్కలు కోసి గుడ్డ మీద ఓ గంట ఆరబెట్టు. పల్చటి పిజ్జాకి తడే శత్రువు, అప్పడం మీద సాంబారు పోస్తే ఏమవుతుందో ఆలోచించుకో.

బేసిల్ ఆకుల కోసం మీ అమ్మ తులసికోట జోలికి వెళ్ళబోయి తిట్లు తిన్నాను. నిజానికి ఆ తులసి వేరు, పిజ్జా మీదది వేరు. మనం ఎండాకాలం నీళ్ళలో నానబెట్టుకుని తాగే సబ్జా గింజలున్నాయే, అవి బేసిల్ జాతివే. గుప్పెడు తెచ్చి డాబా మీద కుండీలో చల్లాను, వారంలో మొలిచాయి. వాసన కొంచెం ఘాటు, ఇటలీవాళ్ళ బేసిల్ అంత తియ్యగా ఉండదు, అయినా పనైపోతుంది. పిజ్జా బయటికి తీశాకే వెయ్యి, లోపల పెడితే నల్లబడుతుంది.

మెరినారా అని ఒకటుంది, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే, చీజు కూడా ఉండదు. పేరులో సముద్రం ఉంది గానీ చేప ఉండదు. సముద్రం పక్కన పుట్టిన మీ అమ్మకి ఇది అస్సలు నచ్చలేదు. నేనూ ఊరుకోకుండా, రోమ్‌లో ఉప్పులో ఊరేసిన చిన్నచేపలు కూడా పిజ్జా మీద వేస్తారు, అవి మన మెత్తళ్ళ జాతేనని నోరు జారాను. మర్నాడు ఎండు మెత్తళ్ళు నాలుగు కడిగి వేయించి తెచ్చి పైన పరిచేసింది. మనవి ఎండబెట్టినవి కదా, రుచి వాళ్ళ దానికి దగ్గరగా కూడా రాలేదు, పక్క ఫ్లాట్‌వాళ్ళు తలుపులేసుకున్నారు. నేను మాత్రం రెండు ముక్కలు ఎక్కువ తిన్నాను, ఇది మీ అమ్మకి చెప్పకు.

ఆఖరిది, లోపలికి తొయ్యడం. ప్లేటు వచ్చాక మొదటిసారి అన్నీ పేర్చి, ఫోటో తీసి, నీకు పంపి, నువ్వు చూశావా లేదా అని ఆగాను. ఈలోపు కింద పిండి చెమ్మగిల్లి, పిజ్జాని లోపలికి తోసే చెక్క పలకకి అతుక్కుపోయింది. తోస్తే పైనున్న సరుకంతా ప్లేటు మీదికి ఎగిరింది, పిండి నా చేతిలోనే ఉండిపోయింది. మిల్లులో కడ్డీ దారితప్పి బయటికెగిరి మెలికలు తిరిగిపోతే కాబుల్ అంటాం, అచ్చం అదే. ఇల్లంతా పొగ. కాబట్టి పల్చటి ప్లైవుడ్ ముక్క మీద బొంబాయి రవ్వ చల్లి, ఒత్తిన పిండి దాని మీద వేసి, సాసు పూసే ముందొకసారి, పూశాక ఒకసారి పలక ఊపి చూడు, జారుతోందా లేదా అని. జారితే ఆలస్యం చెయ్యకుండా చటుక్కున ముందుకి తోసి వెనక్కి లాగు. ఆరేడు నిమిషాలు పడుతుంది. అట్లకాడతో ఓ పక్క ఎత్తి చూడు, అడుగున గోధుమరంగు మచ్చలు వచ్చి, ముక్క పట్టుకుంటే కొన వాలకుండా నిలబడాలి. ఒకటి తీశాక రెండోది వెంటనే పెట్టకు, ప్లేటు వేడంతా మొదటిది లాగేసుకుని ఉంటుంది. పది నిమిషాలు ఆగు, ఆలోగా మొదటిది తినేయండి, ఇది చల్లారితే అట్టముక్క.

ఇంకో ప్లేటు కోయించి ఉంచాను, నీకే. వచ్చే శుక్రవారం మీ బాబాయి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాడు, వాడి చేత పంపిస్తాను, ఈ ఆదివారానికి పెనంతో కానిచ్చెయ్. పంపేముందు అంచుల్లో నూనె రాసి పేపర్లో చుడతాను. దాంతోపాటు మీ అమ్మ ఒక సీసా పెడుతోంది, లోపలేముందో వాసనే చెబుతుంది. ఓవెన్ జాలీ ఆ బరువుకి వంగుతుందేమో ముందు చూసుకో, విప్పేటప్పుడు కాలి మీద వేసుకోకు.

నాన్న