జెనెసిస్ ఫిల్ కాలిన్స్‌తో మొదలవలేదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం అనుబంధంలో పాత ఇంగ్లీషు రాక్ బ్యాండ్ల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. తెలుగు పేపర్లో ప్రోగ్రెసివ్ రాక్‌కి (పొడవాటి, మలుపులు తిరిగే పాటల రాక్ సంగీతానికి) ఒక పేజీ దొరకడమే గొప్ప సంగతి, ముందు దానికి థాంక్స్. కానీ అందులో ‘ఫిల్ కాలిన్స్ స్థాపించిన జెనెసిస్’ అని రాశారు చూడండి, అది తప్పు. అలా వదిలేస్తే రేపు ఇంకొకరు మీ వ్యాసం చూసే రాస్తారు, అందుకే ఈ ఉత్తరం.

కాలిన్స్ ఆ బ్యాండులోకి డ్రమ్మర్‌గా వచ్చింది 1970 ఆగస్టులో. అప్పటికి బ్యాండు పుట్టి మూడేళ్ళయింది, ఒక ఎల్పీ (పెద్ద గ్రామఫోను రికార్డు) బయటికొచ్చింది, రెండోదాని రికార్డింగ్ కూడా అయిపోయింది, డ్రమ్స్ దగ్గర ముగ్గురు మారారు. ఆయన నాలుగోవాడు.

అసలు మొదలైంది 1967లో, ఇంగ్లండులో సర్రే ప్రాంతంలోని చార్టర్‌హౌస్ అనే హాస్టల్ స్కూల్లో. అక్కడి పిల్లలవి రెండు బ్యాండ్లు ఉండేవి. ఒకదాంట్లో పీటర్ గేబ్రియల్, టోనీ బ్యాంక్స్, డ్రమ్స్ మీద క్రిస్ స్టువర్ట్. రెండోదాంట్లో ఆంథొనీ ఫిలిప్స్, మైక్ రూథర్‌ఫర్డ్. ఈ ఐదుగురూ కలిసి పాటలు కట్టి, టేపు చేసి, అదే స్కూల్లో చదివి అప్పటికే సంగీతంలో పేరు తెచ్చుకున్న జోనథన్ కింగ్ చేతికి అందేలా చేశారు. జెనెసిస్ అని పేరు పెట్టింది ఆయనే. 1969లో డెక్కా కంపెనీ మొదటి ఎల్పీ ‘ఫ్రమ్ జెనెసిస్ టు రివెలేషన్’ వేసింది. నల్లట్ట మీద ఆ టైటిల్ తప్ప బ్యాండు పేరు విడిగా లేదు, జెనెసిస్, రివెలేషన్ అంటే బైబిల్లో మొదటి, చివరి పుస్తకాల పేర్లు కదా, దాంతో కొన్ని షాపుల వాళ్ళు దాన్ని తీసుకెళ్ళి మతసంబంధమైన రికార్డుల అరలో పెట్టేశారు. ఎవరు కొంటారు? అప్పటికే స్టువర్ట్ స్థానంలో జాన్ సిల్వర్ వచ్చాడు, సిల్వర్ చదువుకని అమెరికా వెళ్ళిపోతే జాన్ మేహ్యూ వచ్చాడు. (స్టువర్ట్ తర్వాత స్పెయిన్ కొండల్లో పొలం కొనుక్కుని రైతయ్యాడు, ఆ బతుకు మీదే పుస్తకాలు రాసి బాగా పేరు తెచ్చుకున్నాడు. వరిచేల మధ్య బతికే మాబోటి వాళ్ళకి ఈ ముక్క నచ్చుతుంది.)

ఇప్పుడు ఆంథొనీ ఫిలిప్స్ దగ్గరికి వస్తాను, నా బాధంతా ఆయన గురించే. మీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కచోట కూడా లేదు. 1969 చివర్లో వీళ్ళు స్నేహితుడు రిచర్డ్ మెక్‌ఫెయిల్ వాళ్ళ అమ్మానాన్నల కాటేజీలో మకాం పెట్టి, నెలల తరబడి పొద్దస్తమానం ప్రాక్టీసు చేశారు. మనం జెనెసిస్ సౌండ్ అంటున్నది అక్కడే కుదిరింది. అందులో ఫిలిప్స్, రూథర్‌ఫర్డ్‌ల 12 తీగల గిటార్లది పెద్ద పాలు. ఆ గిటార్‌లో తీగలు జంటలుగా ఉంటాయి, మంద్రంగా పలికే నాలుగు జంటల్లోనూ ఒక తీగ కంటే పక్కది ఒక స్థాయి పైన పలుకుతుంది. అలాంటివి రెండు పట్టుకుని ఇద్దరూ ఒకరి మీటులో ఒకరు దూరుతూ వాయిస్తే ఏది ఎవరిదో తెలియదు. 1970లో వచ్చిన రెండో ఎల్పీ ‘ట్రెస్‌పాస్’ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, మీకే తెలుస్తుంది.

ఆ రికార్డు బజారులోకి రాకముందే, జులైలో, ఫిలిప్స్ వెళ్ళిపోయాడు. 18 ఏళ్ళ కుర్రాడు, స్టేజి ఎక్కాలంటే విపరీతమైన టెన్షన్, దానికి తోడు ఆరోగ్యం దెబ్బతింది. మిగిలిన వాళ్ళు బ్యాండు ఆపేద్దామా అనుకునేదాకా వెళ్ళారు. చివరికి కొనసాగుదామని తేల్చుకుని, మేహ్యూని కూడా మార్చి, కొత్త డ్రమ్మర్ కోసం ‘మెలొడీ మేకర్’ పత్రికలో ప్రకటన వేస్తే కాలిన్స్ వచ్చాడు. గేబ్రియల్ తల్లిదండ్రుల ఇంట్లో ఆడిషన్. ఇంకా టైముంది, కాసేపు ఈత కొట్టు అన్నారట. ఈయన స్విమ్మింగ్ పూల్‌లో ఉండి తనకంటే ముందు వచ్చిన డ్రమ్మర్లు వాయిస్తున్నదంతా విని, తన వంతు వచ్చేసరికి అన్నీ కంఠస్థం చేసేశాడు. గిటారుకి మిక్ బార్నార్డ్ కొన్ని నెలలు ఉన్నాక 1971 మొదట్లో స్టీవ్ హ్యాకెట్ కుదిరాడు.

నేను కాలిన్స్‌ని తక్కువ చేయట్లేదండీ. 1975లో గాయకుడు గేబ్రియల్ మానేసినప్పుడు ఎంతోమంది గాయకుల్ని పరీక్షించి, ఎవరూ నచ్చక, డ్రమ్స్ దగ్గర కూర్చున్న ఈయన్నే పాడించారు, 1976లో ‘ఎ ట్రిక్ ఆఫ్ ద టెయిల్’ వచ్చింది, బ్యాండు నిలబడింది. ఆయన గొప్పతనం ఆయనదే. కానీ హ్యాకెట్ చేరాక 1971లో వచ్చిన ఎల్పీ ‘నర్సరీ క్రైమ్’ మొదటి పాటకి మూలం ఫిలిప్స్, రూథర్‌ఫర్డ్ అంతకుముందు కట్టుకున్న బాణీయే. మనిషి వెళ్ళిపోయాడు, బాణీ ఉండిపోయింది. 2010లో అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు జెనెసిస్‌కి గౌరవం ఇచ్చినప్పుడు ఐదుగురి పేర్లు చదివారు, ఫిలిప్స్ పేరు అందులోనూ లేదు. మళ్ళీ మీ పేజీలోనూ లేకపోతే ఎలా?

మా కోనసీమలో చవితి పందిళ్ళలో వాయించే ఆర్కెస్ట్రాల్లో ఇది కళ్ళారా చూస్తుంటాం. మా సెంటర్లో ఎరువుల కొట్టు నడిపే ఒకాయన సొంత డబ్బుతో క్యాసియో కొని, కుర్రాళ్ళని పోగేసి, ఏ పాటకి ఎవరు ఎక్కడ అందుకోవాలో కూర్చోబెట్టి నేర్పాడు. ఆ కుర్రాళ్ళలో సగం మంది కువైట్ వెళ్ళిపోయారు, ఆయనా మానేశాడు, కొత్తవాళ్ళు వచ్చారు. ఇవాళ్టికీ పాటల మధ్య మ్యూజిక్ ఆయన నేర్పిన పద్ధతిలోనే వాయిస్తారు. ఫ్లెక్సీ మీద మాత్రం ఇప్పటి సింగర్ పేరొక్కటే ఉంటుంది. మీ జిల్లా పేజీలో వీళ్ళ మీద ఐటం వచ్చినప్పుడు కూడా విలేకరి ‘దీన్ని మొదలుపెట్టిందెవరు’ అని అడగలేదు. ఇకముందైనా అడిగి రాయించండి.

జెనెసిస్ విషయంలో సవరణ వేస్తే గేబ్రియల్, బ్యాంక్స్, రూథర్‌ఫర్డ్, ఫిలిప్స్, స్టువర్ట్ — ఈ ఐదు పేర్లూ వేయండి. మీరు వేసిన ముగ్గురి ఫొటో హ్యాకెట్ 1977లో వెళ్ళాక తీసింది. దానికి బదులు ఫిలిప్స్ ఉన్న పాత ఫొటో వేస్తే ఇంకా బాగుంటుంది, అది దొరక్కపోతే పేర్లయినా చాలు.

— ఒక పాఠకుడు, అమలాపురం