నా మొదటి నవల ప్రచారం: ఆదివారం కలుద్దాం

అందరికీ నమస్కారం.
నా ప్రేమ నవల అచ్చుకు వెళ్తోంది. రాయడానికి మూడేళ్లు పట్టింది. అమ్మడం అంతకన్నా కష్టమని ఇప్పుడు తెలుస్తోంది! ఆదివారం సాయంత్రం 5 గంటలకు మా ఇంటికి రండి. మిరపకాయ బజ్జీలు నా బాధ్యత.

ఆవిష్కరణ ఎప్పుడన్నదే అసలు చిక్కు. ప్రేమ నవల కదా, ఫిబ్రవరి 14న పెట్టమంటున్నారు కొందరు. నాకు నచ్చలేదు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటాయి. పుస్తకాలు కొనాలనే వచ్చేవాళ్లు అక్కడ దొరుకుతారు. ఆ రెండూ దాటాక తెస్తే పెళ్లయ్యాక బాజాలు మోగించినట్టే.

మొదటి అధ్యాయం ఈ సందేశానికి పైన పెట్టాను, చదివి రండి. ఎక్కడ విసుగు పుట్టిందో గీత పెట్టండి.
వెనక అట్టకు తలా నాలుగు వాక్యాలు రాసి తెండి. ముగింపు బయటపెట్టకండి.
ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ చేయడం వచ్చినవాళ్లు శనివారంలోగా చెప్పండి. నాకు కెమెరా అంటే భయం.

సమీక్షలు మొహమాటానికి వద్దు. పుస్తకం చదివాకే రాయండి, నచ్చకపోతే అదే రాయండి.

చివరిగా ఒక్క మాట: నవల పీడీఎఫ్ ఎవరికీ పంపకండి, దగ్గరి బంధువులకైనా సరే.