ఆదివారం చర్చ: థామస్ సంకరా

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు కలుద్దాం. చోటు ఎప్పటిదే, లైబ్రరీ మేడ మీద గది.

సంకరా 1983లో 33 ఏళ్లకే పశ్చిమ ఆఫ్రికాలోని అప్పర్ వోల్టాకు అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాది దేశం పేరునే బుర్కినా ఫాసోగా మార్చారు. మంత్రుల మెర్సిడెస్‌లు అమ్మించి చిన్న రెనో 5 కార్లు ఇచ్చారు. కొద్ది వారాల్లోనే లక్షల మంది పిల్లలకు టీకాలు వేయించారు.

అందరూ తప్పకుండా చదవాల్సింది 1987 జులైలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో, ఆఫ్రికా దేశాధినేతల సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం. ఆఫ్రికా దేశాలన్నీ ఒక్కటై అప్పులు కట్టబోమని చెప్పాలన్నారు. మా దేశం ఒక్కటే అప్పు కట్టనంటే వచ్చే సమావేశానికి నేనుండనని కూడా అక్కడే అన్నారు. ఆ అక్టోబర్ 15నే ఆయన్ని కాల్చి చంపారు. చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అలాగని పొగడ్తలతో సరిపెట్టొద్దు. సమ్మె చేసిన టీచర్లను వెయ్యిమందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేసింది కూడా ఆయన ప్రభుత్వమే. నా దృష్టిలో అసలు చర్చ జరగాల్సింది దాని మీదే.

ఒక్కొక్కరు ఒక ప్రశ్న రాసుకుని రండి. వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, టీ, బిస్కెట్లకు లెక్క కావాలి. 7 గంటలకు గది ఖాళీ చేయాలి కాబట్టి దయచేసి టైముకి రండి.